కనబడలేదు గనుక లేదా?

పాత బైనాక్యులర్‌లోంచి చూసి ‘అక్కడ పిట్ట లేదు’ అని చెబితే ఆ మాట ఎంతవరకు నిజం? కంటికి సాధనం తోడైనప్పుడు పుట్టే జ్ఞానాన్ని ఎప్పుడు నమ్మాలి, ఏమీ కనబడకపోవడం కూడా జ్ఞానమేనా అన్నవి మన దర్శనాల్లో చాలా పాత చర్చలు. పాతబడిన చిన్న బైనాక్యులర్‌ను పరీక్షించే పని ఆ రెండు ప్రశ్నలనూ ఒకేసారి ముందుకు తెస్తుంది.

భ్రమకు న్యాయ, మీమాంసా గ్రంథాలు తరచుగా చెప్పే ఉదాహరణలు రెండు: కామెర్ల రోగికి తెల్లని శంఖం పచ్చగా కనబడడం, కంటిజబ్బు ఉన్నవాడికి చందమామలు రెండుగా కనబడడం. పాత బైనాక్యులర్‌కు పట్టే జబ్బులు సరిగ్గా ఇవే. అద్దాలను అతికించిన జిగురు పాతబడితే దృశ్యం పసుపు తిరుగుతుంది. తెల్లకాగితాన్ని చూస్తే తెలిసిపోతుంది. ఎప్పుడో కింద పడి లోపలి ప్రిజం కదిలితే బొమ్మ రెండవుతుంది. దూరపు కరెంటు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను కళ్లకు మెల్లగా దూరం చేసినప్పుడు రెండు వృత్తాల్లోనూ తీగ ఒకే ఎత్తున ఉండాలి. తేడా కొద్దిపాటిదైతే కళ్లే సర్దుకుని దాన్ని దాచేస్తాయి. కాసేపటికి తలనొప్పి మాత్రం మిగులుతుంది. చూసేవాడికి తెలియకుండా దాగిన ఇలాంటి దోషమే అన్నిటికన్నా ప్రమాదకరం. రబ్బరు తొడుగు చెక్కుచెదరకపోయినంత మాత్రాన లోపలి భాగాలు క్షేమమని కాదు.

పెద్ద అద్దాల వైపు నుంచి టార్చి వేస్తే లోపలి బూజు సన్నని దారాల్లా బయటపడుతుంది. నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న కడప జిల్లా చిలమకూరు, ఎర్రగుంట్ల వైపు దుమ్ము సంగతి కూడా చూడాలి. దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దితే పూత మీద గీతలు పడతాయి. ఫోకస్ చక్రంలో దుమ్ము చేరితే తిప్పినప్పుడు గరగరమంటుంది. పూత చిన్న విషయం కాదు. పూత లేని ఒక్కో గాజు తలం దగ్గర దాదాపు 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది. అలాంటి తలాలు పదుంటే మూడో వంతు వెలుగు నష్టమే. జైస్ కంపెనీలో స్మకులా 1935లో కనిపెట్టిన పూత ఈ నష్టాన్ని తగ్గించింది. సన్నని నిటారు గొట్టాల బైనాక్యులర్లలో బొమ్మ స్పష్టత పెంచే ఫేజ్ పూత 1988లో గానీ రాలేదు. అంతకు ముందువి ఎంత గట్టివైనా వాటిలో దృశ్యం కాస్త మెత్తబడే ఉంటుంది.

ఇక నమ్మకం మాట. జ్ఞానం సరైనదన్న సంగతి దానంతట అదే తెలుస్తుందని మీమాంసకులు అంటారు; దోషం బయటపడినప్పుడో, దానికి విరుద్ధమైన జ్ఞానం కలిగినప్పుడో మాత్రమే దాన్ని వదులుకోవాలి. అలా కాదు, వేరే ఆధారంతో, ముఖ్యంగా దాన్ని నమ్మి చేసిన పని ఫలించడంతో తేలాలని నైయాయికుల వాదం. తర్కసంగ్రహం రాసిన మన ఆంధ్రుడు అన్నంభట్టుదీ ఇదే పక్షం. ప్రతి జ్ఞానానికీ మరో సాక్ష్యం కావాలంటే దానికి అంతెక్కడన్న మీమాంసకుల ఆక్షేపణ బలమైనదే. అయినా సాధనాన్ని కొనేటప్పుడు న్యాయమార్గమే మేలు: బోర్డు మీద బైనాక్యులర్‌లో చదివిన అక్షరాలను దగ్గరికి నడిచి వెళ్లి సరిచూసుకోవాలి. ఒకసారి తేలాక పొలం గట్టున ప్రతి చూపునూ అనుమానిస్తూ కూర్చుంటే పని సాగదు; అక్కడ మీమాంసకుల మాటే చెల్లుతుంది.

కనబడకపోవడం గురించి కుమారిలభట్టు సంప్రదాయం మరింత సూక్ష్మంగా ఆలోచించింది. అది అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఆరో ప్రమాణంగా (జ్ఞానసాధనంగా) అంగీకరిస్తూ ఒక షరతు పెట్టింది: వస్తువు ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండాలి. చీకటిగదిలో కుండ కనబడకపోతే కుండ లేదని తేలదు. అనుపలబ్ధి వేరే ప్రమాణం కాదన్న నైయాయికులు కూడా ఈ షరతును వదల్లేదు.

ఈ షరతు విలువ కడప జిల్లాకు కలివికోడి విషయంలో తెలిసొచ్చింది. పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ 19వ శతాబ్దంలో కనుగొన్న ఈ పక్షి 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మళ్లీ శాస్త్రజ్ఞుల కంటపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో, స్థానిక వేటగాడి చేతికి ప్రాణంతో చిక్కింది. అది ముళ్లపొదల్లో మసలే నిశాచరి. అలాంటి పక్షిని వెదకడానికి చిన్న బైనాక్యులర్ చాలదు. ఎనిమిది రెట్లు పెంచే, 20 మిల్లీమీటర్ల ముందరి అద్దాలున్న 8×20 బైనాక్యులర్ కంటికి అందించే వెలుగుపుంజం వెడల్పు 20ని 8తో భాగిస్తే వచ్చే 2.5 మిల్లీమీటర్లే. ఎండలో కంటిపాప కూడా దాదాపు అంతకే ముడుచుకుంటుంది గనుక పగలు ఏ లోటూ ఉండదు. చీకట్లో పాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అప్పుడు ఆ సన్నని పుంజం చాలదు.

అందువల్ల మైలవరం జలాశయం మీద పట్టపగలు, పరీక్షకు నిలిచిన బైనాక్యులర్‌తో తెరిపి నీళ్లన్నీ వెదికి పెద్ద కొంగ లేదంటే ఆ మాట నిలుస్తుంది. లంకమల కొండల పొదల్లో మునిమాపు వేళ అదే బైనాక్యులర్‌కు కలివికోడి కనబడలేదన్నది దాని ఉనికి గురించి ఏమీ చెప్పదు. 1986 తరువాతి పరిశోధకులు అడుగుజాడలు పడేలా పరిచిన మట్టి పట్టీలనూ, కెమెరా ట్రాప్‌లనూ, రికార్డు చేసిన దాని కూతనూ ఆశ్రయించింది ఇందుకే.