సందేహం తీరిన చోట

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చదివి వణికిన పాఠకుడు, దాని కొనసాగింపు ‘తులసి’ దగ్గర ఎందుకు నీరుగారిపోతాడు? మొదటి నవలలో పసిపిల్ల మంచాన పడుతుంది. చేతబడా, జబ్బా? మంత్రమూ వైద్యమూ రెండూ పోరాడతాయి. భయమంతా ఆ సందేహంలోనే ఉంది. రెండో దాంట్లో క్షుద్రశక్తిదే పైచేయి. ఇక మిగిలేది మంత్రాల కొట్లాటే.

దెయ్యం కథకి లాజిక్ ఎందుకండీ అంటారు. అక్కడే ఎక్కువ కావాలి; సందేహాన్ని బతికించేది అదే. రాత్రి పెరట్లో అరటాకు కదిలితే గుండె ఝల్లుమంటుంది. టార్చి వేసి చూశాక అది ఆకే. మూఢనమ్మకాలు పెంచుతోందని రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం’ నవలని గట్టిగా ఖండించారు. ఆ వాదన సమాజం కోసం. ఈ ఫిర్యాదు మాత్రం, ఆ నవలల్ని ప్రేమించి చదివినవాళ్లది.