ఇంజన్ దించుటయా, ఊపిరి పెంచుటయా?

ఒక వస్తువును ప్రేమించువాడు దాని శక్తిని పెంచగోరినప్పుడు, ఉన్నదానిని తీసివేసి వేరొకదానిని నిలుపుట న్యాయమా, లేక ఉన్నదానిచేతనే అధికముగా పని చేయించుట న్యాయమా అను ప్రశ్న, వినుటకు మెకానిక్ షెడ్డుకు మాత్రమే తగినదిగా తోచును గాని, మా మేనల్లుని ఎస్టీమ్ కారు మూలమున అది నా మనస్సున ప్రవేశించిన నాటినుండి నన్ను విడువకున్నది. ఆ కారు వాని తండ్రి కొన్నది. ఆయన శ్రీరాంపూర్ ప్రాంతపు గనులలో జీవితమంతయు బొగ్గు నింపి, మంచిర్యాలలో ఇల్లు కట్టి, ఆ బండిని పిల్లవానివలె చూచుకొని, దానిని కొడుకునకు విడిచి వెళ్లినాడు. కొడుకునకు వేగమనిన ప్రీతి. పికప్ చాలదని వాని కొరత. వాని యెదుట ఉన్న మార్గములు రెండే: 1298 సీసీల ఆ ఇంజన్‌ను దించి, అదే వంశమున పుట్టిన పాత బలెనో కారు 1590 సీసీల ఇంజన్‌ను ఎక్కించుట ఒకటి, ఉన్న ఇంజన్‌కే టర్బో తగిలించుట మరియొకటి.

"ఇంజన్ దించినంక అది బాపు బండెట్లయితది మామా? టర్బోనే పెట్టిస్త" అని వాడనెను.

వాని మాటలో పితృభక్తి కలదు, కాదనను. కాని ఇంజనే బండికి ప్రాణమనియు, అది మారినచో బండియే మారిపోయినదనియు మనకు ఎవరు చెప్పిరి? కఠోపనిషత్తు శరీరమును రథమనెను, బుద్ధిని సారథి యనెను, ఇంద్రియములను గుర్రములనెను. లాగు శక్తిని ఆత్మ యనలేదు. గుర్రములను మార్చినంత మాత్రమున రథికుడు మారడు. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహమున ప్రవేశించెనని చెప్పుకొను కథలో, శిష్యులు కొండగుహలో కాపాడినది ఏ శరీరమును? ఖాళీ శరీరమునే గదా! మన రవాణా శాఖయు ఛాసిస్ నంబరును, ఇంజన్ నంబరును ప్రక్కప్రక్కనే వ్రాయును గాని, ఏది బండియో తేల్చి చెప్పదు.

మన దేశపు కార్ల చరిత్రయు మేనల్లుని పక్షమున సాక్ష్యము చెప్పదు. 1984లో కాంటెస్సా వెలువడినప్పుడు, ఆ విశాలమైన దేహములో అంబాసిడర్ నాటి 1489 సీసీల వృద్ధ ఇంజన్‌ను కూర్చుండబెట్టిరి; సుమారు 50 అశ్వశక్తితో అది ఎత్తు రోడ్డు ఎక్కుటకు పడిన ఆయాసమును చూచినవారు మరువరు. కొన్నియేండ్లకు ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజన్ వచ్చి చేరినది. అప్పుడు జనులు, అయ్యో కాంటెస్సా పోయినదని విలపించిరా? ఇప్పటికి కాంటెస్సా అయినదని సంతోషించిరి. దీనికి విపరీతముగా, స్టాండర్డ్ 2000 అను కారు ఇంగ్లండు రోవర్ అందమును ధరించి, లోపల మాత్రము కాలము చెల్లిన వాన్‌గార్డ్ ఇంజన్‌ను మోసికొని వచ్చి, కొద్దికాలమునకే కనుమరుగైనది. కనుక పాత ఇంజన్‌ను పట్టుకొని యుండుటయే విశ్వాసమను మాట నిలువదు.

అయినను సందేహము తీరలేదు. టర్బో అనునది వేరొకరి సొమ్ము కాదు. పెట్రోలు దహింపగా పుట్టిన శక్తిలో రమారమి మూడవవంతు పొగగొట్టము వెంట వేడిగా పోవుచున్నది. ఆ పోవు వాయువులచేతనే ఒక చక్రమును నిమిషమునకు లక్ష చుట్లకు మించి త్రిప్పించి, అదే ఇరుసుపై నున్న రెండవ చక్రముచేత బయటిగాలిని దట్టించి సిలిండరులోనికి పంపుట దాని పని. 1905లోనే స్విట్జర్లండు దేశస్థుడు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ దీనికి పేటెంటు పొందెను. వ్యర్థమును శక్తిగా మార్చుట కంటె ధర్మమేమున్నది? ఈ తర్కము నన్ను లొంగదీసికొనవచ్చినది. అంతలో ఆ కారు కొన్న మా బావ మాట యొకటి జ్ఞప్తికి వచ్చినది.

నేను గనిలో గాలి కొలుచు ఉద్యోగములో నుంటిని. భూగర్భ గనిలో అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. అత్యధికముగా మనుషులుండు షిఫ్టులో మనిషి యొక్కనికి నిమిషమునకు 6 ఘనమీటర్లు, లేదా దినమునకు తీయు బొగ్గులో టన్ను ఒక్కంటికి 2.5 ఘనమీటర్లు, ఈ రెండింటిలో ఏది యెక్కువైన నంత గాలి పారవలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు విధించినవి. బావ పని చేయు చోటు గాలిమార్గమునకు దూరముగా లోపలికి పోయియుండెను. ఉక్క, చెమటతో తడిసిన బనీను పిండిన నీరు కారెడిది, టోపీదీపపు వెలుగులో ధూళి కదలక నిలిచియుండెడిది. ఒకనాడు అచ్చట చిన్న ఫ్యాను బిగించి, గుడ్డగొట్టము ద్వారా బొగ్గుముఖము వరకు గాలిని తోలిరి. నేను అనిమోమీటరు పట్టుకొని కొలుచుచుంటిని. జనులందరు పనిముట్లు క్రింద పెట్టి, ఆ గాలికి ముఖములు త్రిప్పి, కనులు మూసికొని నిలిచిరి. తట్ట ప్రక్కన పెట్టి బావయు చొక్కా విప్పి నిలిచెను. ఆ క్షణమున నాకు ఆనందమైనది. అంకె సరిపోయినందులకు కాదు, ఆ ముఖములను చూచి. అప్పుడాయన కన్నులు తెరువకయే అనెను:

"గాలైతె మంచిగచ్చింది బావా. ఇగ బొగ్గు సుత ఎక్కువనే అడుగుతరు."

ఆయన నవ్వలేదు. నిందింపను లేదు. గాలికిని టన్నుకును నిబంధన వేసిన ముడిని, నా పుస్తకములలో నేను చదివినదానిని, ఆయన వీపుతో చదివియుండెను. ఊపిరి ఇచ్చువాడు ఊరక ఇయ్యడు.

టర్బో విషయమున నేను మరచినది ఇదియే. గాలి దట్టించుటతో కథ ముగియదు. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను; గాలి ఒకటిన్నర రెట్లయినచో పెట్రోలును ఒకటిన్నర రెట్లు కావలెను, విస్ఫోటబలమును ఆ మేరకు పెరుగును. ఆ బలమును మోయవలసినవి ఏవి? టర్బో ఊహ యైన లేక, తమ మితమునకు పోతపోసిన పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, హెడ్ గాస్కెట్టు. పైగా నొక్కబడిన గాలి వేడెక్కును; మే నెలలో మంచిర్యాల రోడ్డు మీద గాలియే 45 డిగ్రీలు దాటుచుండగా, ఇంటర్‌కూలరు మాత్రము దేనితో చల్లార్చును? వేడి మీరినచో నిప్పురవ్వ జ్వాల చేరకముందే మిశ్రమము తనంత తాను ప్రేలి పిస్టన్ నెత్తిన సుత్తివలె మోదును. దీనిని తప్పింపవలెననిన కంప్రెషన్ తగ్గింపవలెను, పిస్టన్లు మార్పవలెను, రాడ్లు మార్పవలెను, ఇంజెక్టర్లు, కంప్యూటరు, క్లచ్చి మార్పవలెను. ఇన్ని మార్చిన పిదప బాపు ఇంజన్ అని చూపుటకు మిగులునది ఇనుప దిమ్మె. మార్పకున్నచో, ప్రేమ పేరిట దానిని చంపుటయే. నెక్సాన్ వంటి నేటి బండ్లలో టర్బో నిలుచుచున్నదనిన, ఆ ఇంజన్ పుట్టుకతోనే ఆ భారమునకు సిద్ధపడినది.

కాబట్టి, దించుటయే మేలనుకొంటిని. వెంటనే ఎదురుప్రశ్న పుట్టినది: చాలదని తీసి ప్రక్కన పెట్టుట మాత్రము దయ యగునా? శక్తి తగ్గిన కూలివానిని గేటు బయట నిలుపుటకును దీనికిని భేదమేమి? ఎంత ఆలోచించినను దీనికి తృప్తికరమైన సమాధానము దొరకలేదు. దొరికినదెల్ల ఇంతే: అధికముగా అడిగి విరిచినదానిని మరల నిలుపలేము, నిండుగా నుండగా దించినదానిని, మనసు మారిననాడు మరల ఎక్కింపవచ్చును. ఈ భేదము చిన్నది. అయినను నాకు చాలినది.

ఇక చట్టము. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో కేరళనుండి వచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు దీనిని దృఢపరచినది. ఘనపరిమాణము, అశ్వశక్తి రెండును ఆ పత్రమున ఉండునవే. కనుక పెద్ద ఇంజనును, టర్బోయు రెండును రోడ్డు మీద తప్పే. ఈ నిషేధము కఠినమని యువకులందురు. చెన్నూరు రోడ్డున ఎదురుగా వచ్చు సైకిలువాడు మన బండి బ్రేకులు ఎంత శక్తికి తగినవో ఎరుగడు. వాని పక్షమున ఎవరో ఒకరు మాటాడవలెను గనుక, నేను చట్టము పక్షమున నున్నాను.

మేనల్లునకు నా మాట ఇది. రోడ్డు మీద తిరుగదలచినచో, అదే రకపు మంచి ఇంజన్ నెక్కించి, ముందుగా రవాణా కార్యాలయమున అనుమతి వ్రాయించుకొనుము. వేగమే కావలెననిన, బలెనో ఇంజన్‌తో ఆ బండిని పందెపు ట్రాకునకే అంకితము చేసి, ఊరిలో నడుపుట మానుము. టర్బో జోలికి పోకుము. ఏది చేసినను, దించిన ఇంజన్‌ను పాత ఇనుము వానికి తూచి ఇయ్యకుము. మా వసారాలో దానికి చోటు కలదు.