గాయం మోసే డిటెక్టివ్

మనసు గాయం మానడాన్ని డిటెక్టివ్ నవల చాలాకాలం పట్టించుకోలేదు. కానీ 1923లో డొరొతీ సేయర్స్ రాసిన ‘హూజ్ బాడీ?’ నవలలో పరిశోధకుడు లార్డ్ పీటర్ విమ్సీ ఉద్యోగరీత్యా డిటెక్టివ్ కాడు, మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు. ఒక రాత్రి నేల కింద శత్రువులు సొరంగం తవ్వుతున్న చప్పుడు వినిపిస్తోందని వణికిపోతాడు. యుద్ధంలో తన కింద సార్జెంటుగా పనిచేసిన సేవకుడు బంటర్ వచ్చి, పసివాణ్ని బుజ్జగించినట్టు బుజ్జగించి పడుకోబెడతాడు. నవలంతటిలో గుండెను తాకే ఘట్టం ఇదే.

తెలుగులో ఇలా గాయం మోసే డిటెక్టివ్ కథకు దగ్గరగా వచ్చింది 2019 నాటి సినిమా ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. నెల్లూరు డిటెక్టివ్ ఆత్రేయకు తల్లి కడసారి చూపు దక్కదు. రైలు పట్టాల పక్కన దొరికే శవాల గుట్టు వెతుకుతూ పోతే, ఆ దారి తల్లి చావు దగ్గరికే తీసుకెళ్తుంది.