మీరు ఆవిడే కదూ?

2018లో మా అమ్మాయి పురుటికని న్యూయార్క్ వెళ్ళి ఐదు నెలలున్నాను. వాళ్ళుండేది క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో. ఆ పాత బిల్డింగులో ఎవరి ఇంట్లో వాళ్ళు వాషింగ్ మెషీన్ పెట్టుకోవడానికి వీల్లేదు. ప్రతి మంగళవారం బట్టల మూట చక్రాల బండిలో వేసుకుని వీధి చివరున్న లాండ్రోమాట్‌కి వెళ్ళడం నా పనైంది. పసిపిల్ల ఉన్న ఇల్లు కదా, మూట పెద్దదే.

సరిగ్గా ఆ వేళకే ఒకావిడ వచ్చేది. నల్లజాతి స్త్రీ. డెబ్బై దాటి ఉంటాయి. తలకి నీలం గుడ్డ కట్టుకునేది. మూడు వారాలు పక్కపక్క మెషీన్ల దగ్గర నిలబడ్డాం. నేను ఒక్కసారి కూడా పలకరించలేదు. మూడో వారం ఆవిడ బట్టలు డ్రయ్యర్లో ఆరిపోయి పది నిమిషాలైనా ఆవిడ జాడ లేదు. మిగతావేవీ ఖాళీ లేవు. నేను ఆ బట్టలు తీసి బల్ల మీద కుప్పగా పడేసి నావి వేసుకున్నాను. ఇంటికొచ్చి ఈ సంగతి అమ్మాయితో చెబుతూ, అమెరికాలో మన తెలుగిళ్ళలో నల్లవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు వాడే ఒక చిన్న మాట ఉందే, ఆ మాటే వాడాను. వచ్చిన నెల రోజులకే అది నా నోటికి అలవాటైపోయింది.

"అమ్మా, ఆ మాట అంటున్నది నువ్వేనా?" అంది మా అమ్మాయి.

దాని ఆశ్చర్యానికి కారణం ఉంది. 1990లలో ఉద్యోగం చేస్తూనే నేను ఎం.ఫిల్. చేసింది టోనీ మారిసన్ నవలల మీద. ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ లైబ్రరీలో ఎన్ని సెలవులు గడిపానో లెక్కలేదు. 'జాజ్' నవల అర్థం కావాలంటే జాజ్ వినాలని గైడ్ అంటే, దొరికిన క్యాసెట్లన్నీ తెచ్చుకుని విన్నాను. నల్లజాతి గాయనుల జీవితకథలు చదివి కన్నీళ్ళు పెట్టుకున్నాను. మా అమ్మాయి ఆ క్యాసెట్ల మధ్యే పెరిగింది.

ఆ శనివారం దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీలో ఉచితంగా జాజ్ కచేరీ ఉందంటే అల్లుడితో కలిసి వెళ్ళాను. పియానో ముందు కూర్చున్నది ఆవిడే. తలకి నీలం గుడ్డ లేదు, అంతే తేడా. గంటంబావు వాయించింది. ఎడమచెయ్యి నింపాదిగా నడుస్తుంటే కుడిచెయ్యి దాన్ని ఆటపట్టిస్తున్నట్టు వెనకబడి, ఉన్నట్టుండి ముందుకొచ్చేది. నేను కళ్ళార్పకుండా విన్నాను.

తర్వాతి మంగళవారం నవ్వుముఖంతో ఎదురెళ్ళాను. "మీరు ఆవిడే కదూ? లైబ్రరీలో పియానో..."

ఆవిడ తల ఎత్తి చూసింది. "అవును. మీరు నా బట్టలు తీసి బల్ల మీద పడేసినావిడ కదూ?" అంది. గొంతులో కోపం లేదు. ఒక క్షణమాగి, "పాపాయి ఎలా ఉంది? బట్టల సైజు చూస్తే రెండు నెలలుంటాయేమో అనుకున్నాను" అంది.

నేను ఆవిడని గుర్తుపట్టేలోపే ఆవిడ నన్ను రెండు రకాలుగా గుర్తుపట్టింది.

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మంగళవారానికీ మంగళవారానికీ మధ్య ఆవిడలో ఏం మారింది? ఏమీ మారలేదు. మారింది నాకు తెలిసిన విషయం ఒక్కటే. మరి నేను ఎదురెళ్ళి నవ్వింది ఎవరికి? ఆవిడకా, పియానోకా? గుర్తుపట్టడం, గుర్తించడం, గుర్తింపు. మన భాషలో మూడూ ఒక్క మాట నుంచే వచ్చాయి గానీ, మూడూ ఒకటి కావు. వీధిలో కనబడ్డ కళాకారిణిని గుర్తుపట్టడం మర్యాద అనుకుంటాం. అది ఆమెకు మనమిచ్చే గౌరవం అనుకుంటాం. నిజంగానే ఇస్తున్నామా, లేక అంతకుముందు ఇవ్వకుండా దాచుకున్నదాన్ని అప్పుడు బయటికి తీస్తున్నామా?

జాజ్ చరిత్రలో ఈ ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది. 1959 ఆగస్టు 25 రాత్రి మైల్స్ డేవిస్ న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో వాయిస్తున్నాడు. విరామంలో బయటికొచ్చి ఒక తెల్లజాతి స్త్రీని టాక్సీ ఎక్కించి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పోలీసు కదలమన్నాడు. తను పనిచేసేది ఇక్కడేనని మైల్స్ పైన బోర్డు మీద వెలుగుతున్న తన పేరు చూపించాడు. మాటా మాటా పెరిగింది. ఒక డిటెక్టివ్ వచ్చి తల మీద కొట్టాడు. నెత్తురు కారుతున్న చొక్కాతోనే స్టేషన్‌కి తీసుకుపోయారు. 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బం విడుదలై అప్పటికి వారం రోజులు దాటింది.

ఈ కథ చెప్పేవాళ్ళు "ఆయన మైల్స్ డేవిస్ అని కూడా చూడకుండా!" అంటారు. నేనూ క్లాసులో అలాగే చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ వాక్యం నాకు తప్పుగా వినిపిస్తోంది. మైల్స్ కానివాడైతే కొట్టొచ్చా? క్లబ్బు పక్కన నిలబడ్డది వంటగదిలో గిన్నెలు కడిగే కుర్రాడైతే, పైన చూపించుకోవడానికి వాడికి బోర్డు ఉండదు కదా.

ఈ కథకి ఇంకో సగం ఉంది. దాన్ని స్త్రీలం మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు. తన జీవితంలోని స్త్రీలని తను కొట్టిన సంగతి మైల్స్ 1989లో వచ్చిన ఆత్మకథలో తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది నల్లజాతి రచయిత్రి పెర్ల్ క్లీజ్, ఇది తెలిసాక ఈయన సంగీతం ఎలా వినాలని నిలదీస్తూ రాసింది. మైల్స్ భార్య ఫ్రాన్సిస్ టేలర్ మంచి నర్తకి. 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో వేషం వేస్తుండగా ఆయన మాన్పించాడు. 1961లో ఆయన ఆల్బం అట్ట మీద ఆమె ముఖం అచ్చయింది. రికార్డుల షాపుల్లో ఆ ముఖాన్ని అందరూ గుర్తుపట్టారు, మైల్స్ భార్య అని. వీధిలో ఆయన నెత్తురు పత్రికలకెక్కింది. ఇంట్లో ఆమె పడ్డ దెబ్బలకి పత్రిక లేదు, బోర్డూ లేదు.

పోనీ, పేరు తెలిస్తే గౌరవం దక్కుతుందా? 1938లో బిల్లీ హాలిడే ఆర్టీ షా బ్యాండుతో న్యూయార్క్ లింకన్ హోటల్లో పాడింది. అక్కడ ఆమెని గుర్తుపట్టనివాళ్ళు లేరు. ఆమె పాట వినడానికే జనం వచ్చేవాళ్ళు. అయినా మిగతా బ్యాండువాళ్ళతో కాకుండా సామాన్లు మోసే లిఫ్టులో పైకి రమ్మన్నారు. ఆమె గొంతు ముందు గుమ్మంలోంచి వెళ్ళొచ్చు, ఆమె మాత్రం వంటింటి వైపునుంచి వెళ్ళాలి. కొద్దికాలానికే ఆమె ఆ బ్యాండే వదిలేసింది. నేను లైబ్రరీలో చప్పట్లు కొట్టి లాండ్రోమాట్‌లో బట్టలు విసిరేసినదానికీ దీనికీ పెద్ద దూరం లేదు.

గుర్తుపట్టినా, మర్యాదగా గుర్తుపట్టిన సందర్భం ఒకటి ఉంది. సానీ రోలిన్స్ 1959లో కచేరీలు మానేసి, విలియమ్స్‌బర్గ్ వంతెన మీద గంటల తరబడి శాక్సఫోన్ సాధన చేసేవాడు. కారణం, పక్కవాటాలో ఒక గర్భిణి ఉండడం. ఇంట్లో వాయిస్తే ఆమెకి ఇబ్బందని వంతెనెక్కాడు. కింద నది, పక్కన రైళ్ళు. దాటిపోయేవాళ్ళలో చాలామందికి ఆయనెవరో తెలీదు. ఒకరోజు సంగీతం మీద రాసే రాల్ఫ్ బర్టన్ అటు నడిచివస్తూ పోల్చుకున్నాడు. 1961లో 'మెట్రొనోమ్' పత్రికలో రాశాడు గానీ, వాయించేవాడి పేరూ వంతెన పేరూ మార్చి రాశాడు. రాయకుండా ఉండలేకపోయాడు, కానీ ఆయన చోటుని ఆయనకే వదిలిపెట్టాడు. ఈ ఉదంతంలో నాకు బర్టన్ కంటే ఇష్టమైంది రోలిన్స్ చేసిన పనే. గోడ అవతలున్న ఆమె పేరు ఏ జాజ్ చరిత్రా రాయలేదు. ఆమె అలసటని మాత్రం ఆయన లెక్కలోకి తీసుకున్నాడు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది అల్బెర్టా హంటర్. 1895లో మెంఫిస్‌లో పుట్టి, చిన్నతనంలోనే షికాగో చేరి, అక్కడి క్లబ్బుల్లో పాడి పేరు తెచ్చుకుంది. 1923లో బెస్సీ స్మిత్‌ని ఇంటింటికీ చేర్చిన 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' అల్బెర్టా, లవీ ఆస్టిన్ కలిసి కట్టిన పాట. 1928లో లండన్‌లో పాల్ రోబ్సన్‌తో 'షో బోట్'లో నటించింది. 1950లలో తల్లి పోయాక పాట మానేసింది. అరవై దాటిన వయసుని పన్నెండేళ్ళు తగ్గించి చెప్పి నర్సు శిక్షణలో చేరింది. రూజ్‌వెల్ట్ దీవిలోని గోల్డ్‌వాటర్ ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళు పనిచేసింది. అది దీర్ఘరోగుల ఆస్పత్రి. 1961లో రెండు రికార్డింగులకి పాడి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయింది. తోటి నర్సులకి ఆమె ఎవరో తెలీదు. 1977లో డెబ్బై ఏళ్ళు వచ్చాయని ఆస్పత్రివాళ్ళు రిటైర్ చేశారు. నిజానికి ఆమెకి 82. ఆ ఏడాదే గ్రీనిచ్ విలేజ్‌లోని 'ది కుకరీ'లో మళ్ళీ పాడడం మొదలుపెట్టి, 1984లో పోయేదాకా పాడింది.

ఎం.ఫిల్. రోజుల్లో ఈ జీవితకథ చదివి, ఆ ఇరవై ఏళ్ళ పక్కన పెన్సిల్‌తో "వృథా" అని నోట్సు రాసుకున్నాను. అంత గొంతు బెడ్‌పాన్‌లు మోస్తూ గడిచిపోయిందే అని. ఆ బాధలో నిజం లేకపోలేదు. యాభైలలో వయసు మళ్ళిన నల్లజాతి గాయనికి వేదికలు తగ్గిపోయాయి. అది అన్యాయమే. కానీ ఆ మాట రాసినప్పుడు నేను మంచం మీదున్న రోగి వైపునుంచి ఆలోచించలేదు. కదలలేని మనిషిని పక్కకి తిప్పి, వీపు తుడిచి, దుప్పటి సర్దిన చేతులు అవి. ఆ రోగికి ఆమె అల్బెర్టా హంటర్ కాదు, నర్సమ్మ. అది తక్కువ గుర్తింపా? మగ సంగీతకారుడు వంతెనెక్కితే తపస్సు అన్నాం. ఆడమనిషి ఆస్పత్రిలో పనిచేస్తే అజ్ఞాతం అన్నాం, వృథా అన్నాం. సేవ అనేది ఆడవాళ్ళు ఎలాగూ చేసేదే కాబట్టి దాన్ని పని కింద లెక్కవేయని చూపే, నేను చిన్నప్పటినుంచీ ఎదిరిస్తున్నాననుకున్న చూపే, నా పెన్సిల్ కొనలో ఉంది.

మనవరాలిని తీసుకుని ఒకరోజు రోప్‌వే ఎక్కి ఆ దీవికి వెళ్ళాను. ఆస్పత్రి లేదు. 2014లో పడగొట్టేశారు. ఆ స్థలంలో 2017లో కార్నెల్ వాళ్ళ టెక్నాలజీ క్యాంపస్ తెరిచారు. గాజు గోడల భవనాలు, పచ్చిక, ల్యాప్‌టాప్‌లతో పిల్లలు. వాళ్ళ మధ్య నేలా చెత్తబుట్టలూ శుభ్రం చేస్తున్న ఇద్దరు స్త్రీలు. ఇదివరకైతే వాళ్ళని చూసి ఉండేదాన్ని కాదు. ఆ రోజు చూశాను. కానీ "వీళ్ళలో ఎవరు పాడతారో" అని చూశాను. అదీ తప్పేనని తోచింది. ఎవరూ పాడకపోయినా ఏం?

అలాగని గుర్తింపే అక్కర్లేదని నేననడం లేదు. అలా అంటే స్త్రీలకే నష్టం. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'హాట్ ఫైవ్'లో పియానో వాయించిన లిల్ హార్డిన్ ఎందరికో ఆయన భార్యగానే తెలుసు. పాట రాసినదానికి పేరు, వాయించినదానికి డబ్బు, చరిత్రలో చోటు ఇవి హక్కులు. వాటికోసం కొట్లాడాల్సిందే. అయితే అవి ఇవ్వాల్సిన చోటు రికార్డు మీద, జీతం కాగితం మీద, పుస్తకంలో. వీధిలో, లిఫ్టులో, డ్రయ్యర్ దగ్గర ఇవ్వాల్సింది వేరు. దానికి పేరు తెలియక్కర్లేదు. చిక్కేమిటంటే, మనం మొదటిది ఇవ్వాల్సిన చోట ఎగ్గొట్టి, రెండోచోట పేరు చెబితే గానీ మర్యాద లేదంటాం.

మనవైపు కూడా చూసుకోవాలి. మరుగునపడ్డ రచయిత్రుల్ని వెతుక్కుంటూ మనలో చాలామందిమి ఊళ్ళు తిరిగాం. గొప్ప పనే. వాలుకుర్చీలో ఉన్న పెద్దావిడ పాదాలంటి, టేపు రికార్డరు పెట్టి, గంటలు గంటలు మాట్లాడించాం. మధ్యలో మూడుసార్లు కాఫీ తెచ్చిన కోడలి పేరు మనలో ఎందరం అడిగాం? నేను అడగలేదు. ఆవిడ రచయిత్రి కాదు కదా మరి.

జాక్సన్ హైట్స్ వదిలేలోపు ఇంకా పదకొండు మంగళవారాలు ఆవిడని కలిశాను. బట్టల సంగతికి క్షమించమని అడిగాను. "మనవరాలున్న ఇంట్లో తొందర నాకు తెలుసు" అంది. ఇంట్లో నేను ఆవిడ గురించి అన్న మాట మాత్రం ఆవిడకి చెప్పలేకపోయాను. అది క్షమాపణతో తీరేదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. సంగీతం గురించి మేం మాట్లాడుకుంది తక్కువ. మోకాళ్ళ గురించి, కొడుకుల గురించి, ఏ డ్రయ్యర్ క్వార్టర్లు మింగి తిరగదో దాని గురించి మాట్లాడుకున్నాం.

మా అమ్మాయి ఒకరోజు అడిగింది, "అమ్మా, ఆ శనివారం నువ్వు లైబ్రరీకి వెళ్ళకపోయి ఉంటే?"

వెళ్ళకపోయి ఉంటే నాలుగో మంగళవారం కూడా నేను మాట్లాడకుండా నా మూట నేను మోసుకొచ్చేదాన్ని. దానికదే చెప్పాను.