గోడ కనబడని ఈత

మన పిల్లలు చెరువులో ఈదుట నిత్యము చూచుచున్నాము గదా. ఈ మాసము అమెరికా దేశపు ఈతగాడైన మైకేల్ ఫెల్ప్స్ సంగతి ధ్యానింతము. 2000లో 15 ఏండ్ల బాలుడుగా సిడ్నీ ఒలింపిక్సులో ఈదెను, పతకము రాలేదు. 2016 నాటికి 28 పతకములు పొందెను. వాటిలో 23 బంగారువి.

2008లో బీజింగులో 200 మీటర్ల బటర్‌ఫ్లై పందెమందు అతని కంటి అద్దములలో నీరు నిండెను. గోడ కనబడలేదు. అయినను బారలు లెక్కించుకొనుచు ఈది, 1 నిమిషము 52.03 సెకండ్లలో గెలిచెను. నాటికది ప్రపంచ రికార్డు. గురువైన బాబ్ బౌమన్ మునుపొకసారి పందెమునకు ముందు ఆ అద్దములను బుద్ధిపూర్వకముగా త్రొక్కి పగులగొట్టియుండెను. మనకిది కఠినముగా తోచును. యోబు గ్రంథము చదివినవారికి అంత వింత కాదు.

అయితే బంగారము హృదయమును నింపలేదు. 2014లో త్రాగి కారు నడిపి పట్టుబడెను. బ్రతుకవలెనను ఆశయే పోయినదని తరువాత తానే ఒప్పుకొనెను. చికిత్సకు చేరినప్పుడు, స్నేహితుడైన రే లూయిస్ ఇచ్చిన రిక్ వారెన్ బోధకుని పుస్తకము చదివి, తనకంటె గొప్ప శక్తి యున్నదని నమ్మెను. ఎడబాసిన తండ్రితో సమాధానపడెను.

నీళ్లలో మునుగుచు కేకవేసిన పేతురు చేతిని ప్రభువు పట్టుకొనెను. మన పేటలో త్రాగుడుచేత మునుగుచున్నవాని గుమ్మము ముందునుండి మనము ఎన్నిమారులు తప్పుకొని పోతిమి?