ప్రాకారములోని వాకిలి

క్రొయేషియా దేశమున, ఆద్రియాటిక్ సముద్రతీరమునగల దుబ్రొవ్నిక్ నగరమునకు ఉదయముననే విహారనౌకలు చేరును. యాత్రికులు పీలే ద్వారమున ప్రవేశించి, స్ట్రదూన్ అను నున్నని రాతివీధిని నడచి, సుమారు 1940 మీటర్ల ప్రాకారమును చుట్టివచ్చి, సాయంకాలమునకు ఓడ యెక్కుదురు. నగరమును చూచితిమందురు. వారు చూచినది నగరమా, గోడయా?

పూర్వమిది రాగుసా అను గణరాజ్యము. తన పౌరులు బానిసల వర్తకము చేయరాదని 1416లోనే శాసించినది. సుల్తానుకు కప్పము కట్టియైనను స్వపరిపాలనను నిలుపుకొన్నది. 1667లో భూకంపము నేలగూల్చినను ప్రజలు మరల కట్టుకొనిరి. 1991లో ఫిరంగిగుండ్లు పడినప్పుడును జనులు ఆ కోటలలోనే తలదాచుకొనిరి. గోడ యేనాడును చూచుటకై కట్టినది కాదు. లోపల కాపురమున్నవారికై కట్టినది.

నేడో, లోపలి యిండ్లు పెక్కు యాత్రికుల బసలుగా మారినవి. కాపురములు తగ్గిపోయినవి. ఇందు యాత్రికుడు దోషియా? వాని ధనముతోనే యెందరికో అన్నము దొరకుచున్నది గదా. ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు. అయినను, పిలిచి పీట వేయువారు లేని యింట అడుగిడిన వానిని అతిథి యనుటెట్లు? ఒకేసారి రెండు నౌకలకు మించి నిలువరాదని 2019లో కట్టడి చేసిరి. నౌకలను లెక్కించుట సులభము. వెడలిపోయిన కాపురములను మరల రప్పించు నుపాయము మాత్రము అంత సులభముగా దొరకునది కాదు.