ముసలి కుక్కకు కూడెందుకు?

మా యింట పదునాలుగేండ్లుగా ఒక కుక్క యున్నది. దొడ్డిలోని కోళ్లను నక్కలనుండి కాచినది అదే. ఇప్పుడు దానికి చూపు లేదు. రాత్రులు ఊరకనే మొరుగును, వసారా పాడుచేయును. కడుగువారము మేము కాము గనుక ఓర్పునుగూర్చి సులువుగా బోధించితిమి. కడుగునది మా ఇల్లాలు. ఒకనాడామె విసిగి, “సంతబండిమీద తీసికొనిపోయి కాలువ అవతల విడిచి రండి” అనెను. మేమును సరే యంటిమి.

అప్పుడు మా చిన్నవాడు, “నాన్నగారూ, అది మన యింటికోసం వెదుక్కోదా? కళ్లు లేవు గదా?” అని అడిగెను. మాకు జవాబు తోచలేదు.

పనికి రాని జీవికి మనమేమైన ఋణపడియున్నామా? వట్టిపోయిన ఆవును అమ్ముకొను బీదరైతును మేము తప్పుపట్టజాలము. గడ్డి కొననిదే రాదు, పిల్లల కడుపులు ముందు. కుక్క అడుగునది గంజిమెతుకులే గదా. ద్వితీయోపదేశకాండము 25:4 కళ్లము త్రొక్కు ఎద్దును గూర్చినది; అది కూలి. సామెతలు 12:10 వేరు. అక్కడ నీతిమంతుడు పశువు ప్రాణమునే తలంచును, పాలను కాదు, దున్నుటను కాదు. మన దేశములో 1960లో చేసిన చట్టము సహితము, తగిన కారణము లేక జంతువును ఆకలిదప్పుల పాలుచేసి విడిచిపెట్టుట నేరమనుచున్నది. చట్టమెరిగినది కాపరి యెరుగకపోవుట మాకు సిగ్గాయెను.

బండి వెళ్లిపోయినది. పాకలో గోనెపట్టా పరచి కుక్కను అక్కడికి మార్చితిమి. ఉదయము కడుగు పని ఇప్పుడు మాది. నిన్న అది మరల వసారా ఎక్కినది.